కొత్త సైకిలు: అమరిక, నడక, సంరక్షణ



కొత్త సైకిలు ఇంటికి వచ్చిన దినము పండుగ దినము. పసుపు కుంకుమలు పెట్టి, హ్యాండిలునకు పూలదండ కట్టి, చక్రము క్రింద నిమ్మకాయ నుంచి నడిపించుట మన యిండ్లలో పరిపాటి. ఆ ముచ్చట తీర్చుకొనవలసినదే. కాని అటుపిమ్మట వెంటనే చేయవలసిన పని యొకటి కలదు. చాలమంది దానిని మరచుచున్నారు. "కొత్తది గదా, దీనికేమి లోపముండును?" అని తలచి, ఆ క్షణముననే వీధిలోనికి దిగుచున్నారు.

ఈ పాఠమున మీరు ముఖ్యముగా గ్రహింపవలసిన దిది: వాడిన సైకిలుకంటె కొత్త సైకిలునకే ఎక్కువ పరీక్ష కావలెను. దీనికి కారణములు రెండు. సైకిలు పూర్తిగా కర్మాగారములోనే బిగింపబడి రాదు. హ్యాండిలు, సీటు, పెడళ్ళు, ముందు చక్రము మొదలగునవి సాధారణముగా అంగడిలోనో, పంచి పెట్టు చోటనో అమర్పబడును. ఒకే దినమున అనేకమైన సైకిళ్ళు త్వరత్వరగా బిగింపబడినపుడు ఒక మర వదులుగా మిగిలిపోవుట అసంభవము కాదు. ఇది మొదటి కారణము. ఇక రెండవది: కొత్త వస్తువులోని భాగములు ఒకదానితో నొకటి సర్దుకొనుటకు కొంతకాలము పట్టును. బ్రేకు తీగలు సాగినట్లగును, చక్రపు స్పోకులు సడలును, నట్లు వదులగును. కావున మొదటి నెల మిక్కిలి మెలకువతో నుండవలసిన కాలము.

సైకిళ్ళు నేడు అనేక విద్యార్థులకు పాఠశాల ద్వారముననే లభించుచున్నవి. తమిళనాడు ప్రభుత్వము 2001–02 విద్యాసంవత్సరమున షెడ్యూల్డు కులముల, తెగల బాలికలకు ఉచితముగా సైకిళ్ళిచ్చుట ప్రారంభించి, తరువాత ఇతర విద్యార్థులకును విస్తరింపజేసెను. కర్ణాటక ప్రభుత్వము 2006–07లో ఎనిమిదవ తరగతివారికి సైకిళ్ళు పంచుట మొదలిడెను. సైకిలు ఎవరిచ్చినను, దానిని తన దేహమునకు తగినట్లు అమర్చుకొని కాపాడుకొను బాధ్యత ఎక్కువానిదే.

సైకిలు పుట్టుక

1817లో జర్మనీదేశమున కార్ల్ డ్రైస్ అనునతడు రెండు చక్రములను ఒకదాని వెనుక నొకటి అమర్చి యొక వాహనము నిర్మించెను. దానికి పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుచు ముందుకు సాగవలసియుండెను. తరువాత కొన్ని దశాబ్దములకు ముందు చక్రము మిక్కిలి పెద్దదియు, వెనుక చక్రము చిన్నదియు నగు ఎత్తైన సైకిళ్ళు వచ్చెను. వానిపై కూర్చున్నవాడు చిన్న రాయి తగిలినను తలక్రిందులుగా పడుచుండెను. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ అనునతడు ఇంచుమించు సమానమగు రెండు చక్రములతో, చైను ద్వారా వెనుక చక్రమును త్రిప్పు సైకిలును తయారుచేసెను. ఈ తరహా వాహనమునకు "సేఫ్టీ", అనగా సురక్షితము, అని పేరు వచ్చెను. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికై గాలి నింపిన టైరును కల్పించెను. నేడు మనమెక్కు సైకిలు ఈ రెండు కల్పనల సంతానమే. మన దక్షిణదేశమున మద్రాసు సమీపమందలి అంబత్తూరున 1949లో స్థాపింపబడిన టి.ఐ. సైకిల్స్ ప్రసిద్ధమైనది.

సురక్షిత మను పేరుతోనే నేటి సైకిలు పుట్టినది. ఆ పేరు సార్థకమగుట అమరికను బట్టి యుండును.

దేహమునకు తగిన కొలత

తండ్రికో అన్నకో సరిపోవు సైకిలు చిన్నవానికి సరిపోదు. నిలువు కడ్డీకిని అడ్డకడ్డీకిని నడుమ కాలు జొనిపి, ఒక ప్రక్కకు వ్రాలి త్రొక్కు బాలురను పల్లెలలో చూచుచున్నాము. అట్టివానికి అవసరమైనపుడు కాలు నేలకు అందదు, బ్రేకు చేతికి అందదు. సైకిలు అడ్డకడ్డీకి ఇరువైపుల కాళ్ళుంచి నిలిచినపుడు రెండు పాదములును పూర్తిగా నేలనానవలెను. కడ్డీకిని దేహమునకును నడుమ కనీసము రెండున్నర సెంటీమీటర్ల ఎడముండవలెను.

తరువాత సీటు ఎత్తును సరిచూడవలెను. ఒకరు సైకిలును పట్టుకొనియుండగా సీటుపై కూర్చుండి, ఒక పెడలును పూర్తిగా క్రిందికి దింపి, దానిపై మడమ నుంచుడు. కాలు చక్కగా చాచినట్లున్నచో ఎత్తు సరిపోయినది. పిమ్మట పాదపు ముందుభాగముతో త్రొక్కునపుడు మోకాలు కొంచెము వంగియుండును. సీటు మరీ క్రిందికున్నచో మోకాళ్ళు నొచ్చును, మరీ పైకున్నచో నడుము ఇటునటు ఊగును. ఇప్పుడే నేర్చుకొనువారు మాత్రము రెండు పాదముల వ్రేళ్ళును నేలకు అందునంత క్రిందుగా సీటును ఉంచుకొని, నేర్పు కుదిరిన పిదప పెంచుకొనవచ్చును.

సీటు గొట్టముపై ఒక గీత చెక్కబడియుండును. ఆ గీత బయటికి కనిపించునంత పైకి గొట్టమును లాగరాదు. గీత లేనిచో కనీసము 65 మిల్లీమీటర్లు గొట్టము లోపల నుండవలెను. హ్యాండిలు గొట్టము విషయమునను ఇట్టి హెచ్చరికయే. లోపల చాలినంత భాగము లేని గొట్టము గతుకుల దారిలో విరుగును. అప్పుడు ఎక్కినవాని చేతిలో హ్యాండిలు మాత్రమే మిగులును.

బిగింపులను పరీక్షించు విధము

పానా యొకటి చేతబట్టుకొని, ముందు చక్రమునుండి వెనుక చక్రము వరకు వరుసగా చూడుడు. వరుస తప్పనిచో ఏ భాగమును మరువము.

ముందుగా సైకిలు ఎదుట నిలిచి, ముందు చక్రమును మోకాళ్ళ నడుమ నొక్కిపట్టి, హ్యాండిలును రెండు చేతులతో త్రిప్పజూడుడు. చక్రము కదలకుండగా హ్యాండిలు తిరిగినచో దాని మర వదులుగా నున్నదని యర్థము. చక్రమునకును హ్యాండిలునకును నడుమ సరియైన లంబకోణ ముండవలెను.

ఫోర్కు వంపు ముందువైపున కుండవలెను. తొందరలో బిగించిన సైకిళ్ళలో ఒక్కొక్కప్పుడు ఫోర్కు వెనుకముందగుట కలదు. అట్టి సైకిలు చేతికి లొంగదు.

ముందు బ్రేకును గట్టిగా పట్టి సైకిలును ముందుకు వెనుకకు ఊపినపుడు హ్యాండిలు మెడవద్ద "టక్కు" మని చప్పుడైనచో అచ్చటి మర బిగింపవలసియున్నది. చక్రమును ఎత్తిపట్టి ప్రక్కలకు కదపి చూడుడు. ఇరుసు వద్ద ఆట ఉండరాదు. చక్రమును త్రిప్పినపుడు అది ఎటును ఒరయక, రెండు బ్రేకు రబ్బర్ల నడుమ సమముగా తిరుగవలెను.

స్పోకులను వీణ తీగలవలె ఒక్కొక్కటిగా మీటి చూడుడు. ఒకే ప్రక్కనున్న స్పోకులన్నియు ఇంచుమించుగా ఒకే స్వరము పలుకవలెను. ఒకటి మందముగా పలికినచో అది సడలినదని తెలియును. ఒక స్పోకు సడలినచో దాని భారము ప్రక్కవానిపై పడును. కొంతకాలమునకు చక్రము వంకరపోవును. చక్రమును సరిచేయుట నేర్పరియైన మెకానిక్ పని. మొదటి నెల ముగియగానే ఒకసారి వానిచే చూపించుట మంచిది.

పెడళ్ళ విషయమున విచిత్రమైన విశేషమొకటి కలదు. కుడి పెడలు మర అన్ని మరలవలెనే గడియారపు ముల్లు తిరుగు దిక్కున బిగియును. ఎడమ పెడలు మర మాత్రము దానికి విలోమముగా బిగియును. త్రొక్కుచున్నపుడు కలుగు ఒత్తిడికి పెడలు తనంత తాను ఊడిరాకుండుటకే ఈ ఏర్పాటు. సులభముగా గుర్తుంచుకొనవలెనన్న, పానాను పైనుంచి ముందు చక్రము వైపునకు త్రిప్పినచో ఏ పెడలైనను బిగియును, వెనుకకు త్రిప్పినచో వదులగును. ఈ సంగతి తెలియక ఎడమ పెడలును బలవంతముగా తప్పుదిక్కున త్రిప్పినవారు మరను పాడుచేసికొందురు.

క్రాంకులను రెండింటిని చేతులతో పట్టి ఊపుడు. అవి కదలరాదు. కొన్ని సైకిళ్ళలో క్రాంకును ఇరుసునకు బిగించుటకు కాటరు పిన్ను అను చిన్న మేకు ఉండును. త్రొక్కునపుడు ప్రతి చుట్టునందును కాలిక్రింద ఒక కుదుపు తగులుచున్నచో అది వదులైనదని గ్రహించి, ఆ దినమే బిగింపించుకొనవలెను. ఆలసించినచో క్రాంకు రంధ్రము అరిగి, క్రాంకునే మార్చవలసి వచ్చును.

చైను నడిమి భాగమును వ్రేలితో పైకి క్రిందికి కదపినపుడు మొత్తముమీద ఒక సెంటీమీటరునకు కొంచెము ఎక్కువగా కదలవలెను. మరీ బిగువైనచో త్రొక్కుట కష్టము, మరీ వదులైనచో అది జారిపడును. నడిరోడ్డుపై చైను పడుట ప్రమాదమునకు మూలము.

బ్రేకులు: ఒక చిన్న లెక్క

కడ్డీల బ్రేకైనను తీగల బ్రేకైనను పనిచేయు సూత్ర మొక్కటే. రబ్బరుకట్ట రిమ్మునకు ఒరసి చక్రమును ఆపును. రబ్బరునకును రిమ్మునకును నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల ఎడము చాలును. రబ్బరు టైరును తాకరాదు, తాకినచో టైరు కోసికొనిపోవును. రబ్బరును పట్టియుంచు రేకు ఒక కొనయందు తెరచియున్నచో, మూసియున్న కొన ఏ వైపున నున్నదో చూడవలెను. చక్రము ముందుకు తిరుగునపుడు రబ్బరును ఏ దిక్కునకు లాగునో ఆ దిక్కున రేకు మూసియుండవలెను. తారుమారైనచో బ్రేకు పట్టినపుడే రబ్బరు జారి పడిపోవును.

మన దేశమున సాధారణముగా కుడిచేతి మీట ముందు బ్రేకునకును, ఎడమచేతి మీట వెనుక బ్రేకునకును కలిపియుండును. మీ సైకిలులో ఏది దేనికో నిలిచియున్నపుడే తెలిసికొనుడు. ఆపునపుడు రెండింటిని కలిపి క్రమముగా పట్టవలెను. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రముపైకి మరలును. వెనుక చక్రము తేలికపడును. కావున వెనుక బ్రేకొక్కటే పట్టినచో చక్రము జారును, సైకిలు త్వరగా ఆగదు. ముందు బ్రేకు నొక్కదానినే హఠాత్తుగా పట్టినచో మనిషి ముందుకు విసరబడును.

ఇప్పుడు లెక్క చూతము. గంటకు 15 కిలోమీటర్ల వేగ మనగా సెకనుకు 4 మీటర్లకు పైగా. ఎదుట ఆవు అడ్డము వచ్చెననుకొనుడు. కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి బ్రేకును పట్టుటకు ఒక సెకను పట్టినచో, బ్రేకు పడకముందే సైకిలు 4 మీటర్లకు పైగా సాగిపోవును. మంచి బ్రేకులు ప్రతి సెకనునకు సెకనుకు రెండున్నర మీటర్ల చొప్పున వేగమును తగ్గించునని అనుకొందము. ఆగుటకు పట్టు దూరము తెలియవలెనన్న, వేగపు వర్గమును ఆ తగ్గుదలకు రెట్టింపుచే భాగింపవలెను. అట్లు చేయగా మరి మూడున్నర మీటర్లు వచ్చును. మొత్తము దాదాపు 8 మీటర్లు.

అదే సైకిలు వాలుదారిలో గంటకు 30 కిలోమీటర్ల వేగము నందుకొన్నచో, బ్రేకు పడకముందే 8 మీటర్లు పోవును. పిదప ఆగుటకు దాదాపు 14 మీటర్లు పట్టును. వాలు దిగుచున్నపుడు ఇంకను ఎక్కువే పట్టును. వేగము రెట్టింపైనచో బ్రేకు దూరము నాలుగు రెట్లగునని ఈ లెక్క మనకు బోధించుచున్నది. వానలో తడిసిన ఉక్కు రిమ్ముపై రబ్బరు పట్టు మిక్కిలి తగ్గును. కావున వర్షకాలమున వేగము తగ్గించి, ముందుగానే మీటలను మెల్లగా నొక్కుచు రిమ్ముపై నీటిని తుడుచుకొనుచు పోవలెను.

గాలియు పంక్చరును

టైరు ప్రక్కన ఎంత గాలి నింపవలెనో అచ్చువేయబడియుండును. దానిని మించరాదు. గాలి తక్కువైనచో రాయి తగిలినపుడు ట్యూబు రిమ్మునకును రాతికిని నడుమ నలిగి తెగును, త్రొక్కుటయు భారమగును. ప్రతిదినము బొటనవ్రేలితో టైరును నొక్కి చూచు అలవాటు చేసికొనుడు.

రాత్రికి రాత్రి గాలి తగ్గినచో వెంటనే పంక్చరని తలపరాదు. పాత తరహా వాల్వులలో సన్నని రబ్బరుగొట్టము తొడుగబడియుండును. అది ఎండి చిట్లినను గాలి పోవును. వాల్వు మొనపై నీటిచుక్క నుంచి చూడుడు. బుడుగలు వచ్చినచో ఆ చిన్న గొట్టమును మార్చిన చాలును.

నిజముగా పంక్చరైనచో ట్యూబును నీటిలో ముంచి రంధ్రమును కనిపెట్టి, తడి ఆర్చి, ఆ చోటును గరుకుకాగితముతో రుద్ది, సొల్యూషను పలుచగా పూసి, అది కొంచెము ఆరి వ్రేలికి బంకగా తగులునప్పుడు ప్యాచిని అంటించి గట్టిగా నొక్కవలెను. పూసిన వెంటనే అంటించినచో నిలువదు. ట్యూబును మరల ఎక్కించుటకు ముందు టైరు లోపల జాగ్రత్తగా తడిమి చూడుడు. సర్కారు తుమ్మ ముల్లు అందే దాగియున్నచో కొత్త ప్యాచి ఒక ఫర్లాంగు కూడ నిలువదు.

దారిలో నడవవలసిన తీరు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో మన తెలుగు గ్రామములు కొన్నింటికి పొలాల నడిమి బాటలును, ఆ పిమ్మట పెద్ద రహదారులును దాటి పాఠశాలకు పోవలసియున్నది. బెంగుళూరునుండి హోసూరు, కృష్ణగిరుల మీదుగా దక్షిణమునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారిపై లారీలు రేయింబగళ్ళు సాగుచుండును. అట్టి దారిలో సైకిలుపై పోవువాడు అందరికంటె అల్పుడు, అందరికంటె మెలకువ గలవాడై యుండవలెను.

ఎడమవైపుననే పొండు. దగ్గరదారి యని ఎదురుదిక్కున ఎన్నడును పోరాదు. ప్రక్కబాట యున్నచో దానినే పట్టుడు. స్నేహితులతో పోవునపుడు ఒకరి వెనుక ఒకరు పోవలెను. ముచ్చట్లు పాఠశాల ఆవరణలో చెప్పుకొనవచ్చును. కుడివైపు తిరుగుటకు ముందు వెనుదిరిగి చూచి, చేయి చాచి సంజ్ఞ చేసి, దారి ఖాళీయైన పిదపనే తిరుగుడు. వాహనములు ఎడతెగక వచ్చుచున్నచో సైకిలు దిగి నడిపించుకొని దాటుట పిరికితనము కాదు, వివేకము.

లారీకిగాని బస్సుకుగాని ఎడమప్రక్కన చొరబడి ముందునకు పోజూడరాదు. అచ్చట నున్న సైకిలు డ్రైవరునకు కనబడకపోవచ్చును. వాహనము ఎడమకు తిరిగినచో దాని వెనుక చక్రములు ముందు చక్రములకంటె లోపలిగా, మన వైపునకు వచ్చును. ఈ కారణముచే ఎందరో ప్రాణములు కోల్పోయినారు.

సంచిని హ్యాండిలునకు వ్రేలాడదీయక క్యారియరుపై కట్టుడు. ఓణీ, పైట, లుంగీ అంచు, ప్యాంటు కాలు చైనులోనో స్పోకులలోనో చిక్కుకొనకుండ దోపుకొనుడు. చెవులలో ఇయర్‌ఫోనులు పెట్టుకొనుట, ఒక చేత సెల్‌ఫోను లేక గొడుగు పట్టుట, క్యారియరుపై ఇద్దరిని ఎక్కించుకొనుట కూడదు. హెల్మెటు ధరింపుడు. అది కనుబొమలకు రెండు వ్రేళ్ళ పైన, నుదుటిని కప్పుచు సమముగా నుండవలెను. సంధ్యవేళ కాగానే ముందు తెల్లని దీపమును వెనుక ఎర్రని దీపమును వెలిగింపుడు. ముందు తెల్లని, వెనుక ఎర్రని ప్రతిఫలకములను దుమ్ము తుడిచి ఉంచుడు. దీపము మనము చూచుటకు మాత్రమే కాదు, ఇతరులు మనలను చూచుటకు కూడ.

సంరక్షణ

ప్రతిదినము: గాలి, బ్రేకు, చైను. ఈ మూడింటిని చూడక ఇల్లు కదలరాదు. ఇందుకు ఒక నిమిషము చాలును.

ప్రతివారము: దుమ్ము, బురద పొడిగుడ్డతో తుడువవలెను. చక్రముల నట్లు, హ్యాండిలు, సీటు, పెడళ్ళు, క్యారియరు, మడ్‌గార్డు మరలను తాకి చూడవలెను.

ప్రతిమాసము: చైనును కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఒక్కొక్క కీలుకు ఒక్కొక్క చుక్క నూనె వేసి, పెడళ్ళను కొంతసేపు త్రిప్పి, పైకి మిగిలిన నూనెను తుడిచివేయవలెను. పైనున్న నూనె దుమ్మును పట్టుకొని చైనును అరుగదీయును. రిమ్మునకును బ్రేకు రబ్బర్లకును నూనెచుక్క ఎట్టి పరిస్థితులలోను తగులరాదు.

సంవత్సరమునకొకసారి: చక్రపు హబ్బులలోను, క్రాంకు ఇరుసులోను గల ఉక్కు గుండ్లను విప్పించి, కడిగించి, కొత్త గ్రీజు పెట్టించవలెను.

ఇందు చెప్పిన భాగముల పేర్లను బాగుగా నేర్చుకొనుడు. చైను, బ్రేకు, రిమ్ము, పెడలు అను మాటలు తెలుగు, తమిళ, కన్నడములలో ఇంచుమించు ఒక్కటే. మెకానిక్ ఏ భాషవాడైనను, లోపము ఎచ్చట నున్నదో వ్రేలుపెట్టి చూపగలవాడు మోసపోడు.

తలిదండ్రులకు మనవి

సైకిలు ఎక్కు బిడ్డకు దూరము తగ్గును, చదువు దగ్గరగును. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల ఆరంభమున జరిగిన అక్షరాస్యతా ఉద్యమమున వేలకొలది స్త్రీలు చదువుతోపాటు సైకిలు త్రొక్కుటయు నేర్చిరి. దారి భయముచే ఆడపిల్లను బడి మాన్పించుటకంటె, ఆమెకు సైకిలును చక్కగా అమర్చియిచ్చి, దారి తెలియజెప్పుట మేలు. మొదటివారము మీరు వెంట నడచి, ఎచ్చట ఆగవలెనో, ఎచ్చట దిగి దాటవలెనో చూపుడు. నెలకొక సాయంకాలము బిడ్డతో కలసి పానా చేతబట్టుడు. మెకానిక్‌నకిచ్చు నాలుగు రూపాయలు దుబారా యని తలపకుడు. వదులైన ఒక్క నట్టు విలువ ఎంతో, అది ఊడిన పిదప లెక్కించి ప్రయోజనము లేదు.

విద్యార్థులారా, నేటి సాయంకాలమే మీ సైకిలును నిలిపి, ఈ పాఠమును ప్రక్కనుంచుకొని, ముందు చక్రమునుండి మొదలిడుడు.

అభ్యాసము

1. కొత్త సైకిలునకు ఎక్కువ పరీక్ష ఏల అవసరము? రెండు కారణములు వ్రాయుడు.
2. ఎడమ పెడలు మర విలోమముగా నుండుటకు కారణమేమి?
3. గంటకు 18 కిలోమీటర్ల వేగమున పోవు సైకిలు, పాఠములోని లెక్క ప్రకారము, మొత్తము ఎన్ని మీటర్లలో ఆగును?
4. లారీకి ఎడమప్రక్కన పోవుట ఏల ప్రమాదకరము? పటము గీచి చూపుడు.
5. మీ యింటి సైకిలును పరీక్షించి, కనిపెట్టిన లోపములను, వానిని సరిచేసిన విధమును పది వాక్యములలో వ్రాయుడు.